చావిన్ దె వాంతార్: పెరూ కొండల్లోని రాతి ఆలయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెరూలోని పేరుపొందిన ప్రాచీన కొండనగరం మాచు పిచ్చు చూసి వచ్చినవారు కూడా చాలామంది చావిన్ పేరు వినలేదంటారు. మాచు పిచ్చు పుట్టడానికి రెండు వేల ఏళ్ళ ముందే ఆండీస్ పర్వతాల్లో జనం రోజుల తరబడి నడిచి చేరుకున్న ఆలయం ఇది. పైనుంచి చూస్తే గడ్డి మొలిచిన రాళ్ళగుట్టలా కనిపించే ఈ కట్టడంలో అసలు విశేషమంతా లోపలే ఉంది కాబట్టి, కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ లోపలి సంగతులకే కేటాయించాము.

ఈ స్థలం ఎక్కడ ఉంది?

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆంకాష్ ప్రాంతంలో, కొర్దియెరా బ్లాంకా అనే మంచుకొండల వరుసకు తూర్పున ఉన్న ఒక ఇరుకు లోయలో, సముద్రమట్టానికి సుమారు 3,180 మీటర్ల ఎత్తున ఉంది. మోస్నా నదిలో వాచెక్సా అనే కొండవాగు కలిసే సంగమం దగ్గర ఆలయాన్ని కట్టారు. మోస్నా నీరు మరన్యోన్ నదిని చేరి, దాని ద్వారా అమెజాన్‌లో కలుస్తుంది. పడమటికి కొండలు దాటి దిగితే పసిఫిక్ తీరపు ఎడారి వస్తుంది, తూర్పుకు దిగితే అడవి మొదలవుతుంది. ఈ రెంటికీ నడుమ, రెండు వైపుల నుంచీ కొన్ని రోజుల కాలినడకలో చేరగలిగిన చోటును ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదని పరిశోధకుల అభిప్రాయం. ఆలయానికి చదును నేల చాలక మోస్నా నది ఒడ్డును కూడా మార్చి, కొంత నేలను నది నుంచి గెలుచుకున్నారని భూస్వరూపాన్ని పరిశీలించిన అధ్యయనాలు తేల్చాయి.

ఇది ఎంత పాతది?

కట్టడాల్లో ముఖ్యమైన భాగాలు క్రీ.పూ. 1200 నుంచి క్రీ.పూ. 500 మధ్య లేచాయని ఇటీవలి తవ్వకాల ఆధారంగా చెబుతున్నారు. కొందరు పండితులు మొదలును, ముగింపును ఇంకా తర్వాతి కాలానికి జరుపుతారు. ఈ వాదం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఒకప్పుడు దీన్ని సులువుగా పాత ఆలయం, కొత్త ఆలయం అని రెండు భాగాలు చేసి చెప్పేవారు, ఇప్పటికీ పాత పుస్తకాల్లో ఆ పేర్లే కనిపిస్తాయి. గోడల అతుకులను, లోపలి దారుల కొలతలను అంగుళం అంగుళం పరిశీలించిన తర్వాత ఆ లెక్క నిలవలేదు. ఒక కట్టడానికి మరొకటి ఆనించి, ఉన్న గోడల మీద కొత్త గోడలు లేపి, దాదాపు పదిహేను దశల్లో పెంచుకుంటూ పోయారని తేలింది. ఒక తరం వారెవరూ ఈ ఆలయాన్ని మొదలు నుంచి చివరి వరకు చూసి ఉండరు.

దీన్ని ఇంకాలు కట్టారా?

లేదు. ఇంకా సామ్రాజ్యం క్రీ.శ. 15వ శతాబ్దానికి చెందినది. చావిన్ ఆలయం పాడుపడి అప్పటికే సుమారు రెండు వేల ఏళ్ళు గడిచాయి. ఆండీస్‌లో రాతి కట్టడం ఏది కనిపించినా ఇంకాల ఖాతాలో వేసే అలవాటు మన పత్రికలకూ ఉంది.

పెరూ నాగరికతకు ఇదే మొదలా?

ఆ మాట చెప్పినవాడు హూలియో సెసార్ తెయ్యో. 1880లో వారోచిరి కొండప్రాంతంలో స్థానిక ఆదివాసీ కుటుంబంలో పుట్టి, హార్వర్డ్‌లో చదువుకుని వచ్చిన ఈయనను పెరూ పురావస్తుశాస్త్రానికి తండ్రి అంటారు. 1919లో చావిన్‌కు వచ్చి పరిశోధన మొదలుపెట్టిన తెయ్యో, ఆండీస్ సంస్కృతులన్నిటికీ ఇదే తల్లివేరని వాదించాడు. నాగరికత బయటి నుంచి దిగుమతి అయిందని పెద్ద పెద్ద పండితులు అంటున్న రోజుల్లో, అది ఈ కొండల్లోనే పుట్టిందని ఒక కొండవాసి నిలబడి చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

అయితే తేదీల విషయంలో ఆయన మాట నిలవలేదు. తీరానికి దగ్గరలోని కరాల్ అనే నగరం క్రీ.పూ. 3000 నాటి పరంపరకు చెందినదని తర్వాత తేలింది. తీరంలోనూ కొండల్లోనూ చావిన్ కంటే ముందటి ఆలయాలు చాలా బయటపడ్డాయి. పల్లంగా తవ్విన గుండ్రటి ప్రాంగణం వంటివి చావిన్ వాళ్ళు కనిపెట్టినవి కావు, అంతకుముందే ఉన్నవి. అప్పటికే దేశంలో ఉన్న పద్ధతులను, దూరదూరాల బొమ్మలను, వస్తువులను ఒక చోట పోగుచేసి, వాటన్నిటితో మనిషి మనసును పట్టి ఊపే ఒకే అనుభవాన్ని తయారుచేయడం వాళ్ళ ప్రత్యేకత. తల్లివేరు అనడం కంటే కూడలి అనడం సబబు.

ఆలయం ఏ ఆకారంలో ఉంటుంది?

రాతితో, మట్టితో నింపి లేపిన పెద్ద పెద్ద వేదికలు, వాటి నడుమ పల్లపు ప్రాంగణాలు. అన్నిటికంటే పెద్ద వేదికను ఊరివాళ్ళు కోట అని అర్థం వచ్చే కస్తీయో అనే స్పానిష్ పేరుతో పిలుస్తారు. నిజానికి అది కోట కాదు. దాని తూర్పు ముఖాన నలుపు తెలుపుల ద్వారం ఉంది. మెట్లు, గోడరాళ్ళు ఒక పక్కన తెల్లని గ్రానైట్‌తోనూ, మరో పక్కన నల్లని సున్నపురాయితోనూ కట్టారు. ద్వారానికి అటూ ఇటూ నిలిపిన రెండు గుండ్రటి స్తంభాల మీద గద్ద ముఖం, రెక్కలు, మనిషి ఒడలు కలిసిన రూపాలను సన్నని గీతలతో చెక్కారు. ఆ ద్వారానికి ఎదురుగా దిగువన సుమారు 50 మీటర్ల చదరపు ప్రాంగణం ఉంటుంది.

ఉత్తరం వైపు గుండ్రటి ప్రాంగణం దీనికంటే చిన్నది, సుమారు 21 మీటర్ల అడ్డుకొలత కలది. కానీ ముఖ్యమైనది. నేలలోకి దిగి ఉన్న దాని గోడకు రెండు వరుసల శిల్పఫలకాలు ఉన్నాయి. కింది వరుసలో జాగ్వార్లు అనే, చిరుతను పోలిన అమెరికా అడవి మృగాలు, పై వరుసలో కోరలున్న మనుషుల ఊరేగింపు. ఆ ఊరేగింపులో ఒకడు నిలువెత్తు నాగజెముడు కాండాన్ని పట్టుకుని నడుస్తుంటాడు, మరొకడు శంఖం ఊదుతుంటాడు. ఈ ఇద్దరినీ గుర్తుంచుకోండి. రెండోవాడి చేతిలోని శంఖం తర్వాత తవ్వకాల్లో అక్షరాలా రుజువయింది, మొదటివాడి నాగజెముడు సంగతి కింద వస్తుంది.

భూగర్భ సొరంగాలు ఉన్నాయంటారు, నిజమేనా?

సొరంగాలు అనడం వాడుకలో ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం నేలను తొలిచినవి కావు. వేదికను నింపుతూ కడుతున్నప్పుడే దాని కడుపులో దారులను, చిన్న గదులను వదిలి, పైన పెద్ద రాతిబండలను దూలాల్లా పరిచి కప్పారు. వీటిని గ్యాలరీలు అంటారు. ఇంతవరకు ముప్పైకి పైగా గ్యాలరీలను గుర్తించారు. చాలావాటిలో ఇద్దరు పక్కపక్కన నడవడం కష్టం. దారి నేరుగా పోదు. లంబంగా మలుపు తిరుగుతుంది, మూసుకుపోయినట్టే కనిపించి పక్కకు తెరుచుకుంటుంది, మధ్యలో రెండు మెట్లు ఎక్కి మళ్ళీ దిగవలసి వస్తుంది. కిటికీలు లేవు. గాలి కోసం గోడల్లో సన్నని రాతి గొట్టాల వంటి మార్గాలను బయటి దాకా తీశారు.

లోపల ఎవరూ నివసించలేదు. ధాన్యం దాచుకోవడానికే అయితే ఇంత వంకర దారులు అక్కరలేదు. దీపం ఆర్పితే అరచేయి కనిపించని చీకటి, అరిచినా ఎటునుంచి వచ్చిందో తెలియని ధ్వని, దిక్కు తప్పించే మలుపులు. ఇవన్నీ లోపాలు కావని, ఏరికోరి చేసినవని ఈ కట్టడాన్ని ఏళ్ళ తరబడి తవ్విన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రవేత్త జాన్ రిక్ వాదన. తవ్వకాల్లో నిగనిగలాడేలా నూరిన నల్లని బొగ్గురాతి అద్దాలు దొరికాయి. బయటి ఎండను ఆ గాలి మార్గాల గుండా లోపలి చీకట్లోకి ప్రతిఫలింపజేసి ఉంటారని ఆయన ఊహ. అది రుజువైన విషయం కాదు, కానీ మిగిలిన ఆధారాలతో బాగా కలుస్తుంది.

లాన్సోన్ అంటే ఏమిటి?

ఆలయంలో అన్నిటికంటే లోపలి మూర్తి. అడ్డంగా, నిలువుగా రెండు దారులు ఖండించుకునే ఒక గ్యాలరీ నడిమధ్యలో, సుమారు 4.5 మీటర్ల పొడవైన గ్రానైట్ శిల నేల నుంచి కప్పును చీల్చుకుని పోతున్నట్టు నిలబడి ఉంది. బల్లెపు మొనలా, బాకులా సన్నగిల్లే ఆకారం కాబట్టి పెద్ద బల్లెం అని అర్థమిచ్చే ఆ స్పానిష్ పేరు వచ్చింది. కట్టినవాళ్ళు దాన్ని ఏమని పిలిచారో చెప్పడానికి వారికి లిపి లేదు. మనిషి ఒడలు, పైకి తిరిగిన కనుగుడ్లు, ఇకిలించిన నోట్లో కోరలు, జుట్టుకు బదులు పాములు. కుడి చేయి పైకెత్తి, ఎడమ చేయి కిందికి దించి ఉంటుంది.

దీన్ని చూసే పద్ధతి కూడా విచిత్రమైనదే. గది చాలా ఇరుకు కావడం వల్ల మూర్తి మొత్తం ఒకేసారి ఎవరికీ కనబడదు. ముఖం ఒక దారి నుంచి, పక్క భాగం మరో దారి నుంచి, ముక్కలు ముక్కలుగా మాత్రమే కనిపిస్తుంది. మూర్తికి పైన ఉన్న ఖాళీలోంచి ఎవరైనా మాట్లాడితే ఆ మాట శిల నోటి నుంచి వచ్చినట్టే ఉంటుందని, ఇక్కడ దేవవాణి చెప్పించుకునే ఆచారం ఉండేదని చాలాకాలంగా పండితులు అనుకుంటున్నారు. దాదాపు మూడు వేల ఏళ్ళుగా ఆ శిల అక్కడే ఉంది. కట్టడాన్ని కూల్చకుండా దాన్ని బయటికి తీయడం సాధ్యం కాదు కాబట్టి ఏ మ్యూజియానికీ తరలిపోలేదు. మ్యూజియంలో మీరు చూసేది నకలు.

శంఖాల సంగతి ఏమిటి?

2001లో ఒక చిన్న గ్యాలరీలో 20 శంఖాలు ఒకే చోట దొరికాయి. ఆండీస్ స్థానిక భాష అయిన క్వెచువాలో వీటిని పుతూతు అంటారు. ఈ శంఖపు పురుగు పెరిగేది వెచ్చని సముద్రంలో, అంటే ఇప్పటి ఈక్వడార్ తీరం వైపు. అక్కడి నుంచి వందల కిలోమీటర్లు మోసుకొచ్చి ఈ కొండలెక్కించారు. కొన్నిటి మీద బొమ్మలు గీశారు. తరతరాలుగా చేతులు పట్టుకున్న చోట పెంకు అరిగి నున్నబడింది. శిల్పంలో ఊరేగింపు మనిషి ఊదుతున్నది ఇదే.

గుడిలో శంఖం అంటే తెలుగువారికి వేరే వివరణ అక్కరలేదు. పూజాశంఖంలానే దీనికీ మొన భాగాన్ని కోసి ఊదడానికి రంధ్రం చేశారు. అంతమాత్రాన రెంటికీ చుట్టరికం కలపకూడదు. మన శంఖం హిందూ మహాసముద్రపు జాతి, ఇది పసిఫిక్ జాతి. పెద్ద గవ్వను ఊదితే మోగుతుందని ప్రపంచంలో చాలామంది ఎవరికి వారే కనుగొన్నారు.

తర్వాత ధ్వనిశాస్త్ర పరిశోధకురాలు మిరియం కోలార్, ఆమె సహచరులు ఈ అసలు శంఖాలనే ఊదించి, వాటి స్వరాలను, గ్యాలరీల్లో ధ్వని ప్రవర్తనను కొలిచారు. లాన్సోన్ గ్యాలరీకీ గుండ్రటి ప్రాంగణానికీ మధ్య ఉన్న సన్నని మార్గాలు మిగతా ధ్వనుల కంటే పుతూతు స్వరాల వంటి ధ్వనులను మేలుగా దాటిస్తాయని తేలింది. అంటే లోపల ఊదినవాడు కనబడడు, ప్రాంగణంలో నిలబడినవాడికి మాత్రం రాతి గోడే మోగినట్టు వినబడుతుంది. నా దృష్టిలో చావిన్ గురించి తెలిసిన విషయాలన్నిటిలోకీ ఇది గొప్పది. మూడు వేల ఏళ్ళ నాటి ఒక అనుభవాన్ని అవే వాద్యాలతో, అదే గదిలో మళ్ళీ వినగలగడం పురావస్తుశాస్త్రంలో ఎంత అరుదో చెప్పనక్కరలేదు.

ఆలయం గర్జించేదని చదివాము. ఎలా?

వేదికల కింద పెద్ద రాతి కాలువల వలయం ఉంది. వానాకాలంలో కొండనీరు కట్టడాన్ని కోసివేయకుండా బయటికి పంపడం వాటి మొదటి పని. అయితే 1970లలో ఇక్కడ తవ్వకాలు జరిపిన పెరూ శాస్త్రవేత్త లూయిస్ లుంబ్రెరాస్, ఆయన సహచరులు మరో మాట అన్నారు. కాలువల్లోకి ఒక్కసారిగా నీరు వదిలి, గాలి మార్గాలను మూసి తెరుస్తూ ఉంటే ఆ హోరు గ్యాలరీల్లో ప్రతిధ్వనించి, ఆలయమే జాగ్వార్‌లా గర్జించినట్టు ఉంటుందని వారి ప్రతిపాదన. శంఖాల విషయంలో ఉన్నంత గట్టి ఆధారం దీనికి లేదు. మురుగు కాలువకు అంత కవిత్వం అంటగట్టనక్కరలేదని ఎవరైనా అంటే కాదనలేము. కానీ వాచెక్సా వాగు పొంగిన రోజున ఆ కాలువల పక్కన నిలబడినవారికి ఆ ఊహ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

గోడలకు ఉన్న తలలు ఎవరివి?

వాటిని కబేసాస్ క్లావాస్, అంటే మేకు తలలు అంటారు. వెనుక పొడవైన రాతి తోక ఉంటుంది. దాన్ని గోడలోకి దిగేస్తే తల మాత్రం బయటికి పొడుచుకొచ్చి, కొన్ని మీటర్ల ఎత్తు నుంచి కిందివారిని చూస్తున్నట్టు ఉంటుంది. సుమారు వంద తలలు దొరికినా, మొదట అమర్చిన చోటనే మిగిలింది ఒక్కటే. కొన్నిటిలో మామూలు మనిషి ముఖం ఉంటుంది. కొన్నిటిలో కళ్ళు పెద్దవై, ముఖం ముడతలు పడి, ముక్కు నుంచి చీమిడి ధారలు కారుతుంటాయి. మరికొన్నిటిలో కోరలు వచ్చి ముఖం జాగ్వార్‌ది అయిపోతుంది. వీటిని వరుసగా పేర్చి చూస్తే, మందు ప్రభావంతో మనిషి మృగంగా మారే క్రమం కనిపిస్తుందని చాలామంది పండితులు అంటారు. ముక్కు ద్వారా పీల్చే మత్తు పొడులకు ముక్కు కారడం తెలిసిన లక్షణమే.

అంటే ఇక్కడ మత్తు పదార్థాలు వాడేవారా?

వాడేవారు. ఒకప్పుడు శిల్పాలను చూసి చేసిన ఊహ ఇప్పుడు రసాయన పరీక్షకు నిలిచింది. ఊరేగింపు మనిషి చేతిలోని నాగజెముడు శాన్ పెద్రో అనే జాతి. దానిలో భ్రమలు కలిగించే మెస్కలిన్ అనే పదార్థం ఉంటుంది. 2025లో వెలువడిన ఒక అధ్యయనం కోసం మూసి ఉన్న గ్యాలరీ నుంచి దొరికిన ఎముక గొట్టాలు మొదలైన 23 వస్తువులను పరీక్షించగా, కొన్నిటిలో నికోటిన్, విల్కా అనే చెట్టు గింజల్లో ఉండే డీఎంటీ అనే మత్తు పదార్థపు జాడలు కనిపించాయి. పొగాకు జాతి మొక్కనూ, విల్కా గింజల పొడినీ ఆ గొట్టాలతో ముక్కులోకి పీల్చేవారన్నమాట.

అన్నిటికంటే ముఖ్యం ఆ గొట్టాలు దొరికిన చోటు. అవి దొరికింది ప్రాంగణంలో కాదు, ఏ కొద్దిమందో తప్ప పట్టని చిన్న గదుల్లో. ఊరంతా కలిసి పండుగ చేసుకున్నట్టు కాదు, ఎవరిని లోపలికి రానివ్వాలో ఎవరో నిర్ణయించేవారు. లోపలికి వెళ్ళి వచ్చినవాడు చూసింది బయట నిలబడ్డవాడు చూడలేదు. ఆ తేడాయే ఒకరిని పూజారిని, మరొకరిని యాత్రికుడిని చేసింది. ఈ కొండల్లో మనుషుల మధ్య హెచ్చుతగ్గులు ఎలా మొదలయ్యాయని అడిగేవారికి చావిన్ ఇచ్చే జవాబు ఇక్కడే ఉందనిపిస్తుంది.

అంటే చావిన్ ఒక సామ్రాజ్యమా?

కాదు. ఇక్కడ సైన్యం ఉన్నట్టుగానీ, చుట్టుపక్కల లోయలను జయించినట్టుగానీ ఆధారం లేదు. అయినా చావిన్ తరహా బొమ్మలు తీరంలోని కుండల మీద, బట్టల మీద, ఉత్తరాన దొరికిన బంగారు నగల మీద కనిపిస్తాయి. దక్షిణాన ఆయాకూచో వైపు నుంచి నల్లని అగ్నిశిల, వాంకావెలికా నుంచి ఎర్రని ఇంగిలీకం, ఉత్తర సముద్రం నుంచి శంఖాలు, గవ్వలు ఇక్కడికి వచ్చాయి. కానుకల గ్యాలరీ అని పేరు పెట్టిన ఒక చోట లుంబ్రెరాస్ బృందానికి వందలాది కుండలు దొరికాయి. అవి ఒకే చోట చేసినవి కావు, అనేక ప్రాంతాల శైలులవి. దూరప్రాంతాల పెద్దలు తమ ఊరి కుండలతోనే మొక్కు చెల్లించుకునేవారని అనుకోవచ్చు. 17వ శతాబ్దపు స్పానిష్ సన్యాసి వాస్కెస్ దె ఎస్పినోసా, పాడుపడ్డ ఈ చోటును గురించి రాస్తూ, క్రైస్తవులకు రోమ్, జెరూసలెం ఎలాంటివో ఇక్కడివారికి ఇది అలాంటిదని పోల్చాడు.

వచ్చిన పెద్దలు ఇక్కడ చూసినదాన్ని, నేర్చినదాన్ని తమ ఊళ్ళకు తీసుకెళ్ళి, తమవారి మీద పెత్తనానికి వాడుకున్నారన్నది రిక్ వాదన. మరికొందరు పండితులు దీన్ని నిజమైన భక్తి ఉద్యమంగా, శాఖోపశాఖలుగా విస్తరించిన దేవవాణి కేంద్రంగా చూస్తారు. ఆ రెండూ ఒకదానికొకటి పొసగనివని నేను అనుకోను.

రైమోందీ శిల, తెయ్యో స్తంభం అంటే ఏమిటి?

చావిన్ శిల్పాల్లో పేరుపొందిన రెండు శిలలు. మొదటిది సుమారు 1.98 మీటర్ల నున్నని గ్రానైట్ ఫలకం. దొరికిన తర్వాత కొన్నేళ్ళపాటు అది ఒక రైతు ఇంట్లో బల్లగా పనిచేసింది. 1860లో ఇటాలియన్ శాస్త్రవేత్త ఆంతోనియో రైమోందీ దాన్ని గమనించాడు, తర్వాత పెరూ రాజధాని లీమాకు తరలించారు. రెండు చేతుల్లో దండాలు పట్టుకున్న దేవుడు, అతని తల మీద ఆకాశానికి లేచిన కిరీటం. ఆ ఫలకాన్ని తలకిందులుగా చూడండి. కిరీటం కాస్తా ఒకదాని నోట్లోంచి ఒకటి వేలాడే ముఖాల వరుస అవుతుంది, దేవుడి ముఖం మరో మృగం నవ్వు ముఖమవుతుంది. చావిన్ శిల్పులు కావాలనే అలా చెక్కారు. చూసేవాడికి నేర్పేవాడు పక్కన లేకపోతే ఆ బొమ్మ సగం అర్థం దాచుకుంటుంది.

రెండవది సుమారు 2.5 మీటర్ల స్తంభం. దాని మీద రెండు కైమన్ మొసళ్ళు, వాటి ఒంటి నుంచి మొలిచే మొక్కలు ఉన్నాయి. ఆ మొక్కల్లో కర్రపెండలం, వేరుశనగ, మిరప ఉన్నాయని పండితులు గుర్తించారు. 3,180 మీటర్ల చలికొండ మీద మొసలి బతకదు, పెండలం పండదు. జాగ్వార్, మొసలి, అనకొండ, హార్పీ గద్ద అన్నీ తూర్పు అడవుల ప్రాణులే. చావిన్ మతం వేళ్ళు అమెజాన్‌లో ఉన్నాయని తెయ్యో పట్టుబట్టడానికి ఇదొక కారణం. పూర్తిగా ఒప్పుకోకపోయినా, అడవిని ఎరిగినవారే ఆ బొమ్మలు చెక్కించారనడంలో సందేహం లేదు. ఇంకో మాట. మిరప, వేరుశనగ, కర్రపెండలం, ఈ మూడూ అమెరికా ఖండాల పంటలే. సముద్రాలు దాటించిన పోర్చుగీసువారి రాక తర్వాతే అవి మన దేశానికి చేరాయి. మన ఊరగాయల్లోని కారం, మన సగ్గుబియ్యం ఆ రాతి మొసలి ఒంటి మీద మొలిచి రెండు వేల ఏళ్ళు దాటాకే మనకు దొరికాయన్నమాట.

ఇక్కడివారు ఏమి తినేవారు?

బంగాళాదుంపలు, కినోవా వంటి కొండపంటలు, లామా అనే ఒంటె జాతి కొండజంతువు మాంసం. మొక్కజొన్న ఉన్నా అది ముఖ్య ఆహారం కాదని ఎముకల రసాయన పరీక్ష చెప్పింది. లామా మాంసాన్ని ఎండబెట్టి నిలవ చేసుకునేవారు. క్వెచువాలో దాన్ని చార్కి అంటారు.

ఆలయం ఎందుకు ఆగిపోయింది?

క్రీ.పూ. 500 తర్వాత ఇక్కడ కొత్త నిర్మాణం ఆగిపోయింది. భూకంపం దెబ్బతీసిందని సూచించే కూలిన గోడలు ఉన్నాయి. కానీ భూకంపం ఒక్కటే మతాన్ని చంపదు, నమ్మకం ఉంటే మళ్ళీ కడతారు. అదే కాలంలో చావిన్‌ను అనుసరించిన చాలా కేంద్రాలు కూడా వెలవెలబోయాయి. తర్వాత వచ్చినవారు పవిత్ర ప్రాంగణాల్లోనే ఆ రాళ్ళతోనే ఇళ్ళు కట్టుకుని కాపురం చేశారు. ఒకప్పుడు లోపలికి ఎవరు రావాలో ఎంచి రానిచ్చిన చోట పొయ్యిలు వెలిగాయి.

1945లో ఏమి జరిగింది?

జనవరి 17న ఎగువ మంచుకొండల్లోని సరస్సు గండి పడి, బురద, బండరాళ్ళు వాచెక్సా లోయలో దూసుకొచ్చి ఆలయం మీద పరుచుకున్నాయి. ఎన్నో శిల్పాలు, వాటిని భద్రపరిచిన చిన్న మ్యూజియం కొట్టుకుపోయాయి. తెయ్యో ముందుగా తీయించిన అచ్చులు, గీయించిన బొమ్మలు ఉండబట్టి కొన్ని శిల్పాల రూపమైనా మిగిలింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బురదను తొలగించి గ్యాలరీలను మళ్ళీ తెరిపించినవాడు స్థానికుడైన మరీనో గొన్సాలెస్. విదేశీ పండితుల పేర్ల వెనుక ఇలాంటి పేరు కనబడకుండా పోతుంది కాబట్టి ఇక్కడ చెప్పడం న్యాయం. 1985లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంకా తవ్వకాలు జరుగుతున్నాయా?

జరుగుతున్నాయి. మనిషి పట్టని సందుల్లోకి కెమెరా బిగించిన చిన్న రోబోలను పంపి కొత్త గ్యాలరీలను కనుగొంటున్నారు. 2022లో అలా చేరుకున్న ఒకదానిలో కాండోర్ రాబందు తల, రెక్కలు చెక్కిన సుమారు 17 కిలోల పాత్ర దొరికింది. దానికి కాండోర్ గ్యాలరీ అని పేరు పెట్టారు. అది దాదాపు మూడు వేల ఏళ్ళుగా మూసి ఉందని తవ్వినవారి అంచనా.

గ్రహాంతరవాసులు కట్టారన్న వీడియోలు చూశాము.

తవ్వకాల్లో దొరికినవి రాతి పనిముట్లు, లామా ఎముకలు, అరిగిన శంఖాలు, తరతరాల అతుకులు. ఒకసారి కట్టి, నచ్చక కప్పి, పక్కన మళ్ళీ కట్టిన జాడలు మనుషులవే.

తెలుగువారు వెళ్ళాలంటే ఎలా?

భారత్ నుంచి లీమాకు నేరు విమానం లేదు. యూరప్ లేదా అమెరికా మీదుగా వెళ్ళాలి. అమెరికా వంటి కొన్ని దేశాల వీసా లేదా స్థిరనివాసం ఉన్న భారతీయులకు పెరూ కొన్ని షరతులతో వీసా మినహాయింపు ఇస్తోంది. అమెరికాలో ఉంటున్న మనవారికి ఇది ఉపయోగమే, అయితే నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు రాయబార కార్యాలయాన్ని అడగండి. లీమా నుంచి వరాస్ పట్టణానికి బస్సులో సుమారు 400 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు. వరాస్ నుంచి చావిన్‌కు మరో మూడు గంటలు. ఆ దారి కెరోకోచా సరస్సు పక్కగా ఎక్కి, సుమారు 4,500 మీటర్ల ఎత్తున కావిష్ సొరంగంలోంచి మంచుకొండల వరుసను దాటి అవతలి లోయలోకి దిగుతుంది. మే నుంచి సెప్టెంబరు వరకు వానలు తక్కువ. డిసెంబరు నుంచి మార్చి వరకు కొండచరియలు విరిగిపడే రోడ్లను నమ్ముకోకండి.

ఎత్తు వల్ల ఇబ్బంది ఉంటుందా?

లేహ్ వెళ్ళి వచ్చినవారికి తెలిసిన ఇబ్బందే. సముద్రమట్టాన ఉన్న లీమా నుంచి నేరుగా ఎక్కకుండా, వరాస్‌లో రెండు రోజులు ఉండి, నీళ్ళు ఎక్కువగా తాగి, నెమ్మదిగా నడవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వైద్యుడిని అడగకుండా బయలుదేరకూడదు. ఆయాసానికి అక్కడివారు కోకా ఆకు టీ ఇస్తారు. పెరూలో అది మామూలు పానీయం. కానీ జ్ఞాపకంగా ఒక పొట్లం సంచిలో వేసుకుని రావద్దు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కోకా ఆకు నిషిద్ధం. హైదరాబాద్ విమానాశ్రయంలో అది టీ అని వివరించే అవస్థ ఎవరికీ వద్దు.

ఎంత సమయం కేటాయించాలి?

వరాస్ నుంచి ఒక్కరోజు యాత్రలు పెట్టే బస్సులు ఆలయంలో రెండు గంటలు మాత్రమే వదులుతాయి. అది చాలదు. ఊళ్ళో ఒక రాత్రి ఉండగలిగితే, మరునాటి ఉదయం గుంపులు రాకముందు గ్యాలరీల్లోకి దిగవచ్చు. జపాన్ సహాయంతో కట్టి 2008లో తెరిచిన జాతీయ చావిన్ మ్యూజియం ఊరికి అవతలి కొసన ఉంటుంది. తెయ్యో స్తంభం, శంఖాలు, గోడల నుంచి తీసిన రాతి తలలు ఉన్నది అక్కడే. ముందు ఆలయానికి వెళ్ళి, తర్వాత మ్యూజియానికి రావడం మేలు. ఆ తలలు ఎత్తుగా గోడకు ఉండి కిందికి చూసేవని గోడను చూసినవారికే గుర్తుంటుంది.